బోర్డుకే గడువు తీరితే? అమెరికాలో డాక్టర్ల, నర్సుల లైసెన్సు బోర్డుల మీద చట్టసభల పట్టు ఎంత

అమెరికాలో డాక్టరుగానో నర్సుగానో ఫిజికల్ థెరపిస్టుగానో పనిచేస్తున్న మనవాళ్లలో ఎవరిని అడిగినా తమ లైసెన్సు రెన్యువల్ గురించి గుక్కతిప్పుకోకుండా చెబుతారు: ఎప్పటికల్లా కట్టాలి, ఎన్ని గంటల సీఎంఈ (ఉద్యోగంలో ఉంటూ చదవాల్సిన వైద్య విద్య) చూపించాలి, ఆలస్యమైతే పెనాల్టీ ఎంత. కానీ ఆ లైసెన్సు ఇచ్చే బోర్డుకు కూడా చాలా రాష్ట్రాల్లో గడువు తేదీ ఉంటుందనీ, ఆలోగా చట్టసభ కొత్త బిల్లు పాస్ చేసి పొడిగించకపోతే బోర్డే చట్టప్రకారం లేకుండా పోతుందనీ చెబితే చాలామంది నమ్మరు. 2017లో టెక్సాస్ మెడికల్ బోర్డు సరిగ్గా ఆ అంచుదాకా వెళ్లి వెనక్కొచ్చింది. 2012 మొదట్లో కాలిఫోర్నియా నర్సింగ్ బోర్డు అయితే అంచు దాటేసింది కూడా, ఆరు వారాలపాటు అలాంటి బోర్డు ఒకటి చట్టంలోనే లేదు.

ఈ పద్ధతిని అక్కడ సన్‌సెట్ రివ్యూ అంటారు. పైకి ఆఫీసు వ్యవహారంలా కనిపిస్తుంది గానీ, లోపలికి వెళ్తే డబ్బు, రాజకీయం, వృత్తి గౌరవం, రోగి ప్రాణం అన్నీ ఒకే టేబుల్ మీదికి వచ్చే చోటు ఇది.

ముందు బోర్డు సంగతి. అమెరికాలో వైద్యవృత్తి లైసెన్సు కేంద్ర ప్రభుత్వం చేతిలో లేదు, ఎవరు వైద్యం చేయొచ్చో తేల్చేది రాష్ట్రాలే. 1889లో డెంట్ వర్సెస్ వెస్ట్ వర్జీనియా కేసులో సుప్రీంకోర్టు ఆ అధికారం రాష్ట్రాలకు ఉందని చెప్పేశాక ఇక దాని గురించి పెద్ద తగాదా మిగల్లేదు. అందుకే గుంటూరులోనో వరంగల్‌లోనో ఎంబీబీఎస్ చదివి, అక్కడి లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ దాటి, ఆస్పత్రిలో శిక్షణ అయిన రెసిడెన్సీ పూర్తిచేసి, ఒహాయోలో పదేళ్లు పనిచేసిన డాక్టరు కూడా డాలస్‌కు మారాలంటే టెక్సాస్ బోర్డు గడప తొక్కాల్సిందే. డాక్టర్లకు ఒక బోర్డు, నర్సులకు ఒకటి, ఫార్మసిస్టులకు ఒకటి, పళ్ల డాక్టర్లకు ఒకటి, సైకాలజిస్టులకు ఇంకొకటి, ఇలా చాలా రాష్ట్రాల్లో ఆరోగ్య రంగానికే ఎన్నో ఉంటాయి.

ఒక్కో బోర్డు చేతిలో మూడు పనులు ఉంటాయి. లోపలికి ఎవరిని రానివ్వాలో చూస్తుంది, ఆ వృత్తిలో ఏం చేయొచ్చో ఏం చేయకూడదో రూల్స్ రాస్తుంది, తప్పు చేసినవాళ్ల మీద విచారణ జరిపి లైసెన్సు తీసేసే దాకా వెళ్తుంది. అంటే చట్టం రాసేదీ, పోలీసూ, జడ్జీ చాలావరకు ఒకే గదిలో కూర్చున్నట్టే. ఆ గదిలో ఎక్కువమంది ఎవరయ్యా అంటే అదే వృత్తివాళ్లు. టెక్సాస్ మెడికల్ బోర్డులో 19 మంది ఉంటే 12 మంది డాక్టర్లు, ఏడుగురు మాత్రం వైద్యంతో సంబంధం లేని మామూలు జనం తరఫు సభ్యులు. కాలిఫోర్నియాలో 15 మందిలో ఎనిమిది మంది డాక్టర్లు. దీనికి ఒక న్యాయమైన కారణం ఉంది, ఆపరేషన్‌లో జరిగింది పొరపాటా నిర్లక్ష్యమా అన్నది సర్జన్‌కు తెలిసినంతగా రిటైరైన బ్యాంకు మేనేజరుకు తెలియదు. కానీ మనవాడే కదా అని చూసీచూడనట్టు వదిలేయడం ఎంత సులువో, బయటివాడిని రానివ్వకుండా తలుపేసుకోవడం కూడా అంతే సులువు.

రెండోదానికి అందరూ చెప్పుకునే ఉదాహరణ నార్త్ కరోలినా డెంటల్ బోర్డుది. అక్కడ మాల్స్‌లో, బ్యూటీ సెలూన్లలో పళ్లు తెల్లగా చేసే చిన్న కౌంటర్లు వచ్చాయి, డెంటిస్టులు తీసుకునే దానికంటే చాలా తక్కువకి. డెంటిస్టుల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి, వాటిలో ఎవరికో హాని జరిగిందన్నవి కొద్దిగానే, రేటు తక్కువన్న బాధే ఎక్కువ. బోర్డులో ఎనిమిది మంది సభ్యులుంటే ఆరుగురు ప్రాక్టీసు చేస్తున్న డెంటిస్టులు, వాళ్లను ఎన్నుకునేదీ డెంటిస్టులే. ఆ బోర్డు మీ పని చట్టవిరుద్ధం, ఆపేయండి అంటూ కనీసం 47 నోటీసులు పంపింది. వ్యాపారాల్లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2015 ఫిబ్రవరిలో 6-3 తేడాతో కోర్టు బోర్డుకు వ్యతిరేకంగా తేల్చింది. రాష్ట్రం పేరు పెట్టుకున్నంత మాత్రాన పోటీ చట్టాల నుంచి రక్షణ రాదు, అదే వ్యాపారంలో ఉన్నవాళ్ల చేతిలో బోర్డు ఉంటే రాష్ట్రం దాన్ని నిజంగా, చురుగ్గా పర్యవేక్షిస్తూ ఉండాలి అన్నది తీర్పు సారాంశం.

చురుగ్గా పర్యవేక్షించడం అంటే ఎలా? రాష్ట్రాల దగ్గర దీనికి అంతకుముందు నుంచే ఒక పనిముట్టు ఉంది, అదే సన్‌సెట్.

1976లో కొలరాడో మొదటి సన్‌సెట్ చట్టం తెచ్చింది. వాటర్‌గేట్ కుంభకోణం వేడి ఇంకా చల్లారని రోజులవి, ప్రభుత్వ సంస్థలంటే జనానికి నమ్మకం అడుగంటిపోయింది, కామన్ కాజ్ అనే పౌర సంస్థ కొలరాడో శాఖ దీన్ని భుజాన వేసుకుంది. ఆలోచన చాలా సింపుల్. మామూలుగా ఒక సంస్థను మూసేయాలంటే ఎవరో బిల్లు పెట్టి, ఓట్లు కూడగట్టి, దాన్ని మూసేయడం ఎందుకు మంచిదో నిరూపించాలి. దాన్ని తిరగేశారు. సంస్థకు పుట్టినప్పుడే చావు తేదీ రాసిపెడతారు, బతకాలంటే అదే వచ్చి తను ఎందుకు ఉండాలో చెప్పుకోవాలి. ఐదారేళ్లలో ముప్పైకి పైగా రాష్ట్రాలు దీన్ని అందుకున్నాయి. కొన్ని అంతే తొందరగా వదిలేశాయి కూడా, సిబ్బంది చాలక, సమయం చాలక, వచ్చిన ఫలితానికి పెట్టిన శ్రమకి పొంతన లేక. 1981లోనే వదిలేసిన రాష్ట్రాల్లో నార్త్ కరోలినా ఒకటి. పళ్ల కేసు తర్వాత చూస్తే అదొక తమాషా.

టెక్సాస్ 1977లో మొదలుపెట్టి ఈనాటికీ వదల్లేదు, అందుకే ఈ యంత్రం ఎలా తిరుగుతుందో చూడాలంటే అక్కడే చూడాలి. సన్‌సెట్ అడ్వైజరీ కమిషన్‌లో 12 మంది: ఐదుగురు సెనేటర్లు (ఎగువ సభ), ఐదుగురు హౌస్ సభ్యులు (దిగువ సభ), ఇద్దరు బయటి పౌరులు. దాదాపు 130 సంస్థలు వాళ్ల జాబితాలో ఉంటాయి, ఒక్కోటి మామూలుగా 12 ఏళ్లకోసారి వంతుకు వస్తుంది. వంతు వచ్చిన బోర్డు ముందుగా తన గురించి తానే ఒక స్వీయ నివేదిక రాసివ్వాలి. తర్వాత కమిషన్ సిబ్బంది నెలల తరబడి బోర్డు ఫైళ్లు తిరగేస్తారు, ఫిర్యాదు వచ్చిన రోజు నుంచి తేలిన రోజు దాకా ఎంతకాలం పడుతోంది, ఒకే రకం తప్పుకు ఇద్దరికి వేర్వేరు శిక్షలు పడుతున్నాయా, పనికిరాని ఫారాలు ఎన్ని అడుగుతున్నారు, అసలు ఈ లైసెన్సు లేకపోతే జనానికి వచ్చే నష్టమేంటి అని. రిపోర్టు బయటపెడతారు. బహిరంగ విచారణ పెడతారు, ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. కమిషన్ ఓటు వేస్తుంది. ఆ సిఫారసులన్నీ ఒక బిల్లుగా మారి చట్టసభకు వెళ్తాయి. బిల్లు పాసైతే బోర్డుకు ఇంకో పన్నెండేళ్ల ఆయుష్షు, కాకపోతే ఆ ఏడాది సెప్టెంబరు 1న రద్దు, ఆ తర్వాత సామాన్లు సర్దుకోవడానికి ఒక ఏడాది టైమిస్తారు.

ఇక్కడొక తిరకాసు ఉంది. టెక్సాస్ చట్టసభ రెండేళ్లకోసారి, 140 రోజులు మాత్రమే కూర్చుంటుంది. బిల్లుల గడువులు గంటల లెక్కన ఉంటాయి. ఆ 140 రోజుల్లో పాస్ కాకపోతే మళ్లీ రెండేళ్ల దాకా దిక్కులేదు, గవర్నర్ ప్రత్యేక సమావేశం పిలిస్తే తప్ప.

2017లో జరిగింది అదే. ఆ ఏడాది మెడికల్ బోర్డుతో పాటు సైకాలజిస్టుల బోర్డు, కౌన్సెలింగ్ ఇచ్చేవాళ్ల బోర్డు, సోషల్ వర్కర్ల బోర్డు, మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపిస్టుల బోర్డు, మొత్తం ఐదింటికి సెప్టెంబరు 1 గడువు. వీటి విడి బిల్లులు ఎక్కడైనా తడబడితే కాపాడటానికి సేఫ్టీ నెట్ బిల్లు ఒకటి ఉంటుంది, గడువులను ఊరికే రెండేళ్లు జరిపేది. మే 11 అర్ధరాత్రి హౌస్‌లో బిల్లుల గడువు. ఫ్రీడమ్ కాకస్ అనే రిపబ్లికన్ వర్గం, తమ బిల్లులను నాయకత్వం తొక్కేస్తోందన్న కోపంతో, ప్రతి చిన్న విషయం మీదా ప్రసంగాలు చేస్తూ టైమంతా తినేసింది. గడియారం పన్నెండు కొట్టింది, సేఫ్టీ నెట్ బిల్లు చచ్చిపోయింది. మెడికల్ బోర్డు మీద వాళ్లకు ప్రత్యేకంగా ఏ కోపమూ లేదు, అది లైన్లో ఉండిపోయిందంతే.

ఇక మిగిలింది సెనేట్‌లో ఉన్న జంట బిల్లు, అంటే అదే పొడిగింపు కోసం అక్కడ పెట్టింది. సెనేట్ పగ్గాలు లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ ప్యాట్రిక్ చేతిలో ఉన్నాయి. ఆయనకు రెండు కావాలి, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఏ బాత్రూమ్ వాడాలో నిర్దేశించే బిల్లు ఒకటి, ఆస్తి పన్ను పెంపుకు కళ్లెం వేసే బిల్లు ఇంకోటి. హౌస్ స్పీకర్ జో స్ట్రాస్‌కు బాత్రూమ్ బిల్లు ససేమిరా ఇష్టం లేదు. సరే, నా బిల్లులు కదలకపోతే సన్‌సెట్ బిల్లూ కదలదు అని ప్యాట్రిక్ కూర్చున్నారు. సెషన్ అలాగే ముగిసింది. జూన్‌లో గవర్నర్ గ్రెగ్ అబ్బాట్ ప్రత్యేక సమావేశం ప్రకటించి మొత్తం 20 అంశాలు చెప్పారు, ముందు సన్‌సెట్ తేల్చండి, ఆ తర్వాతే మిగతా పందొమ్మిది అన్నారు. జులై 18న మొదలైన ఆ సమావేశంలో సన్‌సెట్ బిల్లులు పాసయ్యాయి, ఐదు బోర్డులూ 2019 దాకా బతికిపోయాయి. బాత్రూమ్ బిల్లు మాత్రం పాస్ కాలేదు. 2019లో మెడికల్ బోర్డుకు 2031 దాకా పూర్తి పొడిగింపు వచ్చింది.

ఈ గొడవ మొత్తంలో ఒక్కసారి కూడా, ఫలానా రోగికి బోర్డు అన్యాయం చేసింది లేదా ఫలానా డాక్టరును అనవసరంగా వేధించింది అన్న మాట చర్చకు ముఖ్యం కాలేదు. సన్‌సెట్ బలం, బలహీనత రెండూ ఒకే చోట ఉన్నాయని నాకనిపించేది అందుకే. మెడికల్ బోర్డును నిజంగా చంపాలని ఏ పార్టీకీ లేదు. చంపకూడదని అందరికీ తెలుసు కాబట్టే దాన్ని బందీగా పట్టుకోవడం లాభసాటి. నిజంగానే అనవసరమైన బోర్డు అయితే దాన్ని అడ్డం పెట్టుకుని ఎవరూ బేరమాడరు కదా.

2019లో ఇదే కథ ఇంకొంచెం విచిత్రంగా ప్లంబర్ల బోర్డుకు జరిగింది. సన్‌సెట్ బిల్లు ఆఖర్లో ఫెయిలైంది. ఈసారి అబ్బాట్ ప్రత్యేక సమావేశం పిలవలేదు, హరికేన్ హార్వీ తర్వాత ఇళ్లు బాగుచేసుకోవడానికి ప్లంబర్లు కావాలంటూ విపత్తు అధికారాలు వాడి బోర్డును 2021 దాకా నిలబెట్టారు. ప్లంబర్లు ఆరోగ్య వృత్తి కాదు, నిజమే, కానీ గడువు తేదీని ఒకే ఒక్క సంతకంతో దాటొచ్చని తేలిపోయాక మిగతా బోర్డుల భయంలో కూడా కొంచెం గాలి పోయినట్టే.

అయితే సన్‌సెట్ అంటే ఈ డ్రామాలే అనుకుంటే పొరపాటు. అసలు పని పేపర్లో రాని బిల్లుల్లో జరుగుతుంది. సన్‌సెట్ బిల్లు ఊరికి ఆఖరి బస్సు లాంటిది, అది ఎలాగూ కదలాల్సిందేనని తెలుసు కాబట్టి అందరూ తమ మూటాముల్లె దానిమీదే వేస్తారు. 2017లో టెక్సాస్ ఫార్మసీ బోర్డు పొడిగింపు బిల్లు చూడండి. పేరుకు అది ఫార్మసీ బోర్డును 2029 దాకా కొనసాగించే బిల్లు. లోపల మాత్రం, ఓపియాయిడ్లు (బలమైన నొప్పి మందులు), బెంజోడయజెపైన్‌ల (ఆందోళన, నిద్రలేమికి వాడేవి) వంటి మందులు రాసేముందు డాక్టర్లు రాష్ట్ర ప్రిస్క్రిప్షన్ డేటాబేస్‌లో రోగి చరిత్ర చూడాలన్న నిబంధన ఉంది. అది 2020 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. టెక్సాస్‌లో క్లినిక్ నడిపే డాక్టరు ఇలాంటి ప్రతి మందుకూ ముందు కంప్యూటర్లో ఇంకో స్క్రీన్ తెరుస్తున్నాడంటే, తనది కాని బోర్డు తాలూకు సన్‌సెట్ బిల్లు వల్లే. అదే ఏడాది నర్సింగ్ బోర్డు బిల్లులో కొత్త నర్స్ లైసెన్షర్ కాంపాక్ట్ వచ్చింది, ఒక రాష్ట్రం లైసెన్సుతో ఒప్పందంలో ఉన్న మిగతా రాష్ట్రాల్లోనూ పనిచేసే ఏర్పాటు. ట్రావెల్ నర్సుగా తిరిగే మనమ్మాయిలకు ఇది ఎంత తేడానో వాళ్లనే అడగాలి.

పాదాల వైద్యుల బోర్డు సంగతి ఇంకో రకం. 2017లో దాన్ని నిజంగానే ఎత్తేశారు. లైసెన్సు మాత్రం ఎత్తేయలేదు, ఎలక్ట్రీషియన్లు, బార్బర్లు లాంటి ఎన్నో వృత్తులను చూసుకునే టీడీఎల్ఆర్ అనే ఒకే రాష్ట్ర శాఖకు అప్పగించారు. 2019లో, రెండేళ్ల ముందు మెడికల్ బోర్డుతో పాటు గండం తప్పించుకున్న ఆ నాలుగు మానసిక ఆరోగ్య బోర్డులనూ ఒకే కౌన్సిల్ కప్పు కిందికి తెచ్చారు, ఫిర్యాదులు ఏళ్ల తరబడి మూలుగుతున్నాయన్నది అందుకు పెద్ద కారణం. బోర్డును తీసేయడం వేరు, లైసెన్సును తీసేయడం వేరు. మొదటిది అప్పుడప్పుడూ జరుగుతుంది. 1977 నుంచి టెక్సాస్‌లో నలభైకి పైగా సంస్థలు పూర్తిగా రద్దయ్యాయి, ఇంకా ఎన్నో వేరేవాటిలో కలిసిపోయాయి. రెండోది, అందులోనూ ఆరోగ్య రంగంలో, దాదాపు జరగదు.

ఒకసారి జరిగింది మాత్రం చెప్పుకోవాలి. 1979లో ఫ్లోరిడాలో సైకాలజిస్టుల లైసెన్సు చట్టం గడువు తీరి, ఎవరూ పొడిగించక, నిజంగానే పోయింది. సైకాలజిస్టునని గుమ్మానికి నేమ్‌ప్లేటు తగిలించుకోవడానికి రాష్ట్ర పరీక్ష, డిగ్రీ ఏదీ అక్కర్లేని రోజులు వచ్చాయి. రెండేళ్ల తర్వాత, 1981లో, మళ్లీ చట్టం తెచ్చుకున్నారు. సైకాలజిస్టుల సంఘాలకు ఆ దెబ్బ బాగా తగిలింది. సన్‌సెట్ మాట వినపడగానే వృత్తి సంఘాలు లాయర్లను, లాబీయిస్టులను పెట్టుకుని ముందే సిద్ధమైపోవడం వెనక ఇలాంటి అనుభవాలు ఉన్నాయి.

కాలిఫోర్నియా దారి కొంచెం వేరు. అక్కడ ప్రత్యేక కమిషన్ అంటూ లేదు. బోర్డులు డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్స్యూమర్ అఫైర్స్ గొడుగు కింద ఉంటాయి, నాలుగేళ్లకోసారి సెనేట్, అసెంబ్లీ కమిటీలు కలిసి కూర్చుని ప్రశ్నలడుగుతాయి. పన్నెండేళ్లు ఎక్కడ, నాలుగేళ్లు ఎక్కడ. వినడానికి కాలిఫోర్నియాదే గట్టి పట్టు అనిపిస్తుంది. నర్సింగ్ బోర్డు కథ చూశాక ఆ నమ్మకం కాస్త సడలుతుంది.

2009లో పరిశోధనాత్మక వార్తా సంస్థ ప్రోపబ్లికా, లాస్ ఏంజెలిస్ టైమ్స్ విలేకరులు కలిసి తవ్వితే ఆ బోర్డు ఒక నర్సు మీద ఫిర్యాదును తేల్చడానికి సగటున మూడేళ్లకు పైగా తీసుకుంటోందని బయటపడింది. ఆ మూడేళ్లూ సదరు నర్సు ఎక్కడో ఒక ఆస్పత్రిలో పనిచేస్తూనే ఉండొచ్చు. కథనం వచ్చిన రోజుల్లోనే గవర్నర్ ష్వార్జెనెగర్ బోర్డు సభ్యుల్లో ఎక్కువమందిని మార్చేశారు. గమనించాల్సింది ఏంటంటే, ఇది పట్టుకుంది విలేకరులు, కమిటీలు కాదు. 2011లో బోర్డు గడువు పొడిగించే బిల్లు గవర్నర్ జెర్రీ బ్రౌన్ ముందుకొచ్చింది. అందులో బోర్డు సొంత ఇన్వెస్టిగేటర్లకు పోలీసు తరహా హోదా ఇచ్చే ముక్క ఒకటి చేర్చారు, ఆ హోదాతో పాటు ఖరీదైన పెన్షన్ కూడా వస్తుంది. బ్రౌన్ దాన్ని సాకుగా చూపి బిల్లు మొత్తాన్ని వీటో చేశారు. జనవరి 1 వచ్చేసరికి బోర్డు లేదు. నర్సుల లైసెన్సులు చెల్లకుండా పోలేదు, రోజువారీ పనులు డిపార్ట్‌మెంట్ నడిపింది, కానీ సభ్యులు కూర్చుని ఓటు వేయాల్సిన క్రమశిక్షణ కేసులకు ఓటు వేసే సభ్యులే లేరు. ఫిబ్రవరి 14న కొత్త బిల్లు మీద సంతకం పడి బోర్డు మళ్లీ పుట్టింది.

అక్కడితో బుద్ధి వచ్చిందా అంటే, 2016లో రాష్ట్ర ఆడిటర్ మళ్లీ అదే ఆలస్యాల మీద రిపోర్టిచ్చారు, ఒక్కో ఇన్వెస్టిగేటర్ దగ్గర మరీ ఎక్కువ కేసులు ఉంచొద్దని సలహా ఇచ్చారు. 2020లో ఆడిటర్ ఇంకో రిపోర్టు బయటపెట్టారు, బోర్డు అధికారులు కొందరు ఆ సలహా పాటించామని చూపించుకోవడానికి కేసులను కొద్దిరోజులు వేరేవాళ్ల పేరు మీదికి మార్చి, లెక్క తయారుకాగానే మళ్లీ వెనక్కి తెచ్చారని. పరీక్ష పెట్టేవాడికి ఒక్క అంకే కావాలంటే, రాసేవాడు ఆ అంకే తయారుచేసి ఇస్తాడు. గడువు తేదీ పెట్టడం సులువే, ఫైలు తెరిచి చూసే ఆడిటర్ లేకపోతే ఆ తేదీకి పళ్లు ఉండవు.

మరి విచారణకు వచ్చేదెవరు? నాకు ఈ వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. వారం మధ్యలో, పగటిపూట, రాష్ట్ర రాజధానిలో జరిగే కమిటీ హియరింగ్‌కు బోర్డు అధికారులు వస్తారు, డాక్టర్ల సంఘం వస్తుంది, నర్సుల యూనియన్ వస్తుంది, ఇన్సూరెన్స్ కంపెనీల తరఫు మనుషులు వస్తారు. వీళ్లకు అది ఉద్యోగంలో భాగం. ఎప్పుడో ఎక్కడో తప్పు ఆపరేషన్ జరిగిన రోగికి సన్‌సెట్ హియరింగ్ అని ఒకటి ఉందని కూడా తెలియదు. అందుకే ఈ విచారణల్లో వృత్తివాళ్ల ఇబ్బందులు వివరంగా వినిపిస్తాయి, రోగుల ఇబ్బందులు అంకెల్లో మాత్రమే వినిపిస్తాయి.

దీనికి మినహాయింపు కాలిఫోర్నియా మెడికల్ బోర్డు ఈమధ్య పొడిగింపు. 2021లో లాస్ ఏంజెలిస్ టైమ్స్, రోగులకు తీవ్రమైన హాని చేసిన డాక్టర్ల పట్ల కూడా బోర్డు ఎంత మెత్తగా ఉంటోందో వరస కథనాలు రాసింది. బాధితుల కుటుంబాలు పట్టువదలకుండా ప్రతి సమావేశానికీ వచ్చి మైకు ముందు నిలబడ్డాయి. 2023లో వచ్చిన బిల్లులో దాని ఛాయలు కనిపిస్తాయి. చికిత్స నాణ్యత మీద వచ్చిన ఫిర్యాదును మూసేముందు ఫిర్యాదుదారుతో మాట్లాడాలన్నారు, ఫిర్యాదుదారులకు సమాధానం చెప్పడానికే ఒక ప్రత్యేక విభాగం పెట్టారు. అంతకుముందు దాకా, నా బిడ్డ ఎలా చనిపోయిందో ఒక్కసారి కూడా అడక్కుండానే ఫైలు మూసేశారు అన్న మాట ఆ హియరింగ్‌లలో పదేపదే వినిపించేది. డాక్టర్ల లైసెన్సు ఫీజు రెండేళ్లకు 863 డాలర్ల నుంచి 1,151 డాలర్లకు పెరిగింది, విచారణలకు డబ్బు కావాలి కదా. కానీ ఇద్దరు ప్రజా సభ్యులను కలిపి, డాక్టర్లు మైనారిటీలో ఉండే బోర్డు చేయాలన్న ప్రతిపాదన మధ్యలోనే జారిపోయింది. 8-7 అలాగే ఉంది. వృత్తి సంఘం ఫీజు పెంపును చివరికి దిగమింగుకుంది, సీట్ల లెక్క దగ్గర మాత్రం గట్టిగా నిలబడింది. డబ్బుకన్నా ఓటు విలువ వాళ్లకు బాగా తెలుసు.

పళ్ల కేసు తీర్పు తర్వాత చట్టసభల ధోరణి కొంత మారింది. టెక్సాస్ మెడికల్ బోర్డు 2015లో, రోగిని ముందు నేరుగా చూడకుండా ఫోన్లో మందులు రాయొద్దని రూలు పెడితే టెలాడాక్ అనే కంపెనీ ఆ తీర్పును అందుకుని పోటీ చట్టాల కింద ఫెడరల్ కోర్టుకు లాగింది, కోర్టు రూలును ఆపింది, 2017లో చట్టసభే టెలిమెడిసిన్‌కు తలుపులు తీసింది. కోవిడ్ వచ్చేసరికి ఆ తలుపు తెరిచే ఉండటం ఎంత మేలైందో చెప్పక్కర్లేదు. నెబ్రాస్కా 2018లో ఇంకో పద్ధతి మొదలుపెట్టింది, చావు తేదీల బెదిరింపు లేకుండా, చట్టసభ కమిటీలు ఏటా ఐదో వంతు లైసెన్సులను సమీక్షించాలి, ఐదేళ్లలో అన్నీ ఒక చుట్టు అయిపోవాలి. నన్నడిగితే ఇదే మెరుగు. సమీక్ష తప్పనిసరి చేయండి, బోర్డు ప్రాణం మాత్రం బేరానికి పెట్టకండి. టెక్సాస్‌వాళ్లు ఒప్పుకోరు, ప్రాణభయం లేకపోతే ఏ బోర్డూ స్వీయ నివేదికను అంత శ్రద్ధగా రాయదంటారు. అందులోనూ నిజం లేకపోలేదు.

మన దేశంలో ఇలాంటి గడువు ఏదీ లేదు, దాని ఫలితం ఎలా ఉంటుందో మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చూపించింది. 1956 చట్టం కింద నడిచిన ఆ కౌన్సిల్ అధ్యక్షుడు 2010లో అవినీతి కేసులో సీబీఐకి చిక్కాక గానీ కేంద్రం ఆర్డినెన్స్‌తో కౌన్సిల్‌ను పక్కన పెట్టలేదు. తర్వాత అది మళ్లీ వచ్చింది. 2016 మార్చిలో పార్లమెంటు స్థాయీ సంఘం చాలా ఘాటైన రిపోర్టు ఇచ్చింది, రెండు నెలలకు సుప్రీంకోర్టు లోధా కమిటీని పైన కూర్చోబెట్టింది, 2018లో ఇంకో ఆర్డినెన్స్, 2019లో కొత్త చట్టం, 2020 సెప్టెంబరు 25న నేషనల్ మెడికల్ కమిషన్. మొదటి అరెస్టు నుంచి లెక్కేస్తే పదేళ్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మెడికల్ కౌన్సిళ్లు డాక్టర్ల రిజిస్ట్రేషన్లను ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోమంటాయి, ఆ కౌన్సిళ్ల పనితీరును మాత్రం ఫలానా ఏడాది అసెంబ్లీ కూర్చుని విప్పి చూడాలన్న నియమం లేదు. ఫిర్యాదుల పరిష్కారానికి ఎంతకాలం పడుతోందో ఎమ్మెల్యేలు అడిగి, ఆ జవాబు మన చేతికి రిపోర్టుగా వచ్చే రోజు ఉంటే బాగుండునని ఎవరికనిపించదు?

అక్కడున్నవాళ్లకు ఒకటి రెండు పనికొచ్చే మాటలు. బోర్డు గడువు వార్త వినగానే వాట్సాప్ గ్రూపుల్లో మన లైసెన్సులు పోతాయట అన్న టెన్షన్ మొదలవుతుంది, 2017లో టెక్సాస్‌లో అలాంటి భయమే కనిపించింది. టెక్సాస్‌లో రద్దయినా ఏడాది సర్దుబాటు కాలం ఉంటుంది, కాలిఫోర్నియాలో నర్సుల లైసెన్సులు ఆ ఆరు వారాల్లోనూ చెల్లాయి. మీ రెన్యువల్ ఫీజు మాత్రం టైముకు కట్టేయండి, బోర్డు ఉందో లేదో చూసి కడదామనుకోవద్దు. అసలు మాట్లాడాల్సిన సమయం బిల్లు వచ్చాక కాదు, అంతకు ఏడాదిన్నర ముందు, సిబ్బంది రిపోర్టు రాస్తున్నప్పుడు. విదేశీ డిగ్రీవాళ్ల అప్లికేషన్లు ఎక్కడ ఆగిపోతున్నాయో, ఏ కాగితం రెండుసార్లు అడుగుతున్నారో చెబితే ఆ దశలోనే వింటారు, కమిషన్ వెబ్‌సైట్లో రాసి పంపినా తీసుకుంటారు. రోగిగానో రోగి కుటుంబంగానో చెప్పాల్సింది ఉన్నా అదే చోటు.

టెక్సాస్ నర్సింగ్, ఫార్మసీ బోర్డుల గడువు 2029లో, అంటే వాటి స్వీయ నివేదికలు 2027 సెప్టెంబరుకల్లా రావాలి. కాలిఫోర్నియా మెడికల్ బోర్డు గడువు 2028 జనవరి 1, అంటే దాని అసలు విచారణ 2027 మొదటి నెలల్లోనే శాక్రమెంటోలో జరగాలి. టెక్సాస్ మెడికల్ బోర్డుకు 2031 దాకా టైముంది, మళ్లీ ఎవరైనా ఇంకేదో బిల్లు కోసం దాన్ని పట్టుకుని కూర్చోకుండా ఉంటే.